పురుగుని చంపే మాత్రకి ముందే స్టెరాయిడ్ ఎందుకిచ్చారు? రోగనిరోధక శక్తి తగ్గిపోదా?

గోధూళి
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్లు. పోయిన నెల స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటూ "అక్కా, ఎడమ చెయ్యి అదేదోలా లాగుతోంది" అన్నాడు, ఆ మాట పూర్తవకుండానే పడిపోయాడు. ఫిట్స్. ముందెప్పుడూ లేవు. ఎమ్మారై తీస్తే మెదడులో ఒక తిత్తి కనిపించింది, శనగగింజంత కూడా లేదు, దాని చుట్టూ మాత్రం అరచేతి మీద సున్నం పూసినట్టు తెల్లగా వాపు. బద్దెపురుగు పిల్ల మెదడులోకి చేరిందని, దాన్ని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారని చెప్పారు. ఆల్బెండజోల్ రాశారు, అంతవరకు అర్థమైంది. కానీ అది మొదలుపెట్టే ముందురోజు నుంచే స్టెరాయిడ్ ఇచ్చారు. ఇక్కడే నాకు బుర్ర తిరుగుతోంది. ఒంట్లో పురుగుంటే దాంతో పోరాడే శక్తి పెంచాలి గానీ, ఉన్న శక్తిని తగ్గించే మందు ఇస్తారా? అడుగుదామంటే ఓపీలో వెనక నలభైమంది నిలబడి ఉన్నారు, డాక్టర్ గారు "వాపు తగ్గడానికమ్మా" అని తర్వాతి పేషెంటుని పిలిచేశారు. వాడు పంది మాంసం ఎప్పుడూ తినలేదు, అదింకో డౌట్.

సూటిగా
స్టెరాయిడ్ అంటేనే ఇమ్యూనిటీని అణిచే మందు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది ఇస్తే ఎవరికి లాభం, పురుగుకే కదా. రెండో ఒపీనియన్ తీసుకోండి. ఈలోగా ఇమ్యూనిటీ పెంచేవి ఏవైనా వాడండి.

రాత్రి డ్యూటీ
గోధూళి గారూ, నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ముందు ఒక మాట: ఇక్కడ ఎవరు ఏం రాసినా, నేను రాసినా సరే, దాన్నిబట్టి మాత్రలు ఆపొద్దు, ముఖ్యంగా స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపొద్దు.

ఇక మీ ప్రశ్న. ఆ తిత్తి నిన్న మొన్న వచ్చింది కాకపోవచ్చు. చాలామందిలో అది ఏళ్ల తరబడి మెదడులో బతికే ఉంటుంది, తలనొప్పి కూడా రాదు. బతికున్న తిత్తికి చుట్టూ పల్చటి పొర ఉంటుంది, మన రక్షణ వ్యవస్థ తన జోలికి రాకుండా ఆపే ప్రోటీన్లని అది వదులుతూ ఉంటుంది. అలాంటప్పుడు స్కాన్ తీస్తే నల్లటి గుండ్రటి బుడగ, లోపల తెల్లటి చుక్క, అంటే పురుగు తల, కనిపిస్తుంది గానీ పక్కన వాపు ఉండదు. ఫిట్స్ ఎక్కువగా వచ్చేది అది చావడం మొదలుపెట్టాక. పొర బలహీనపడి లోపలి సరుకు బయటికి కారుతుంది, అప్పటిదాకా దాని ఉనికే పట్టించుకోని మన కణాలు ఉలిక్కిపడి లేస్తాయి. టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సంకేత ప్రోటీన్లు వెలువడతాయి. వీటినే సైటోకైన్లు అంటారు. రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. స్కాన్‌లో మీరు చూసిన సున్నం పూత అదే. మెదడు ఎముక పెట్టెలో ఉంది, వాచడానికి చోటు లేదు, చుట్టుపక్కల నరాల కణాలు చిరాకుపడి ఒక్కసారిగా పేలతాయి. మీ తమ్ముణ్ణి పడేసింది ఆ వాపే.

ఇప్పుడు ఆల్బెండజోల్ వేశారనుకోండి, మెల్లగా చచ్చేదాన్ని గబగబా చంపుతున్నాం. వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే ముందే స్టెరాయిడ్‌తో ఆ సైటోకైన్ల గొంతు తగ్గించి అప్పుడు చంపడం. 2017 నాటి అమెరికా మార్గదర్శకాల్లో కూడా పురుగు మందుకి ముందే స్టెరాయిడ్ మొదలుపెట్టమనే ఉంది. తిత్తులు లెక్కకు మించి ఉండి మెదడంతా ఉబ్బిపోయిన కేసుల్లో అయితే పురుగు మందు అసలు ఇవ్వం, వాపు సంగతే ముందు చూస్తాం.

పంది మాంసం సంగతి: ఉడకని మాంసంలో తిత్తి తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి వచ్చేది ఆ పురుగు గుడ్లు నోట్లోకి వెళ్తే. పేగులో బద్దెపురుగు ఉన్న మనిషి మలం నుంచి చేతుల మీదుగానో నీళ్ల మీదుగానో అవి వస్తాయి. మాంసం ముట్టనివాళ్లకి కూడా రావచ్చు.

గోధూళి
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. ఒకటి గుర్తొచ్చింది, మందు మొదలుపెట్టే ముందు కంటి డాక్టర్ దగ్గరికి పంపి కళ్లు చూపించమన్నారు, మలపరీక్ష కూడా చేయించారు. మెదడులో జబ్బుకి కళ్లెందుకు, మలమెందుకు అని ఊరికే డబ్బు వదిలిస్తున్నారని తిట్టుకున్నాను.

రాత్రి డ్యూటీ
కంట్లో కూడా ఒక తిత్తి ఉండి, తెలియక దాన్ని చంపితే, ఆ వాపుకి చూపు పోవచ్చు. అదే లెక్క. మలపరీక్ష గురించి రేపు రాస్తాను, ఇప్పుడు వార్డు నుంచి ఫోన్ వస్తోంది.

ఎలుకల గది
ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను, పరాన్నజీవుల మీద పీహెచ్‌డీ చేస్తున్నా, పేరు చూసే అర్థమై ఉంటుంది, నా యవ్వనమంతా ఎలుకల పంజరాల మధ్యే గడిచిపోతోంది.

సూటిగా గారు "ఇమ్యూనిటీ పెంచేవి" అన్నారు. ఏది పెంచాలి? అది ఒకటే కుళాయి కాదు కదా. 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ అనే ఇద్దరు మిగతా రక్షణ కణాలకి ఆదేశాలిచ్చే సహాయక టీ కణాలని ఎలుకల నుంచి తీసి విడివిడిగా పెంచి చూసి, ఇవి రెండు రకాలని తేల్చారు. ఒక రకం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ వదులుతుంది, ఇంకో రకం ఐఎల్-4 వగైరా. మొదటిదానికి టీహెచ్1 అని, రెండోదానికి టీహెచ్2 అని పేర్లు పడ్డాయి. తర్వాత లీష్మేనియా అనే పరాన్నజీవిని ఎలుకల పాదంలో ఎక్కించి చూస్తే ఇంకా విచిత్రం. నల్ల ఎలుకలకి, మా భాషలో సీ57 బ్లాక్ 6, చిన్న పుండు లేచి కొన్ని వారాల్లో మానిపోతుంది. తెల్లటి బాల్బ్-సీ ఎలుకలకి ఆ పుండు పెరిగి పెరిగి, పరాన్నజీవి ఒళ్లంతా పాకి చచ్చిపోతాయి. రెండింటికీ ఎక్కించింది ఒకటే పరాన్నజీవి, అంతే మోతాదు. నల్ల ఎలుక ఇంటర్‌ఫెరాన్ గామా వైపు మొగ్గింది, తెల్ల ఎలుక ఐఎల్-4 వైపు మొగ్గింది, తేడా అంతా అక్కడే.

దగ్గరగా చూస్తే ఇంకా బాగుంటుంది. లీష్మేనియా దాక్కునేది మాక్రోఫేజ్ అనే కణంలోనే, అంటే తనని తినాల్సినవాడి కడుపులోనే కాపురం. ఆ కణం దగ్గర ఆర్జినైన్ అనే ముడిసరుకు ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ గామా వచ్చి తట్టిందా, ఆ ఆర్జినైన్‌తో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, లోపలి పరాన్నజీవి చస్తుంది. ఐఎల్-4 వచ్చి తట్టిందా, అదే ఆర్జినైన్‌ని వేరే ఎంజైము వేరే దారి పట్టిస్తుంది, దాన్నుంచి వచ్చే పదార్థాలు పుండు మాన్పడానికి పనికొస్తాయి, పరాన్నజీవి పెరగడానికి కూడా. ముడిసరుకు అదే, తలుపు తట్టింది ఎవరన్నదాన్నిబట్టి అది విషమవుతుంది లేదా తిండి అవుతుంది. ఇందులో ఏది పెంచుతారు చెప్పండి, మీ పొడి డబ్బా మీద ఏది పెంచుతుందో రాసి ఉంటుందా?

సూటిగా
పొడి డబ్బా అని నేను అనలేదు. సరే, మీ లెక్క ప్రకారమే వద్దాం. ఇంటర్‌ఫెరాన్ గామా మంచిది, ఐఎల్-4 చెడ్డది. మంచిదాన్ని పెంచుదాం. అయిపోయింది కదా.

ఎలుకల గది
అయిపోలేదు 🙂 లీష్మేనియా, టాక్సోప్లాస్మా లాంటి కణం లోపల ఉండేవాటికి ఆ లెక్క. పేగులో బారెడు పురుగు ఉందనుకోండి, ఏ కణం దాన్ని మింగుతుంది? అక్కడ కావాల్సింది ఐఎల్-4, ఐఎల్-13 దళమే. 2016లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి చెప్పిన సంగతి ఒకటుంది. పేగు గోడలో టఫ్ట్ కణాలని చాలా తక్కువ సంఖ్యలో ఉంటాయి, వాటి పనేంటో అంతకుముందు పెద్దగా ఎవరికీ అంతుపట్టలేదు. పురుగొస్తే అవి ఐఎల్-25 అనే సంకేతం పంపుతాయి, అది అందుకున్న కణాలు ఐఎల్-13 వదులుతాయి, దానికి పేగు గోడలో జిగురు కణాలు పెరిగి జారుడు బంక తెగ ఊరుతుంది, కండరం గట్టిగా ముడుచుకుంటుంది, టఫ్ట్ కణాలు కూడా ఇంకా పెరుగుతాయి. అంటే పురుగుని చంపకుండా కాళ్ల కింద నేల జారేలా చేసి బయటికి తోసేయడం. మా ల్యాబ్‌లో వాడే ఒక ఎలుక కొంకిపురుగు పది రోజులు అటూ ఇటూగా ఖాళీ చేసి వెళ్లిపోతుంది. పొద్దున్నే పేగు కోసి చూస్తే పురుగుల్లేవు, బంక మాత్రం వేలికి తీగలు సాగుతూ వస్తుంది. ఆ దృశ్యం చూశాక టిఫిన్ మానేయడం కొత్తగా చేరినవాళ్ల లక్షణం, మాకు అలవాటైపోయింది.

అక్కడ మీరు ఇంటర్‌ఫెరాన్ గామా పెంచితే పురుగు హాయిగా తిష్ఠ వేస్తుంది. ఎలుకల చాటీపురుగుతో (విప్‌వర్మ్, కొరడాలా ఉండే పేగు పురుగు) ఇది చేసి చూశారు కూడా.

స్లైడు బాబాయ్
పిల్లలు బాగా రాస్తున్నారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సైటోకైన్లు నేను కంటితో చూడలేదు గానీ అవి చేసే పని రోజూ చూశాను. రక్తం స్లైడు రంగు వేసి పెడితే ఇసినోఫిల్ కణం ఎక్కడున్నా పట్టేస్తుంది కన్ను. ఎర్రటి గింజలు కుక్కిన సంచీలా, మధ్యలో కళ్లజోడు ఆకారంలో రెండు తమ్మెల కేంద్రకం. మామూలు మనిషికి వందలో ఒకటో ఆరో. ఒంట్లో పురుగు తిరుగుతుంటే ముప్పై, నలభై. వీటిని ఎముక మజ్జ నుంచి పిలిపించేది ఐఎల్-5 అట, నా కాలంలో మాకెవరూ చెప్పలేదు, మేం లెక్కబెట్టి రాసేవాళ్లం అంతే.

ఒకసారి ఒకతను రాత్రిళ్లు దగ్గుతో నిద్రలేక వచ్చాడు, ఉబ్బసం అని నెలల తరబడి మందులు వాడుతున్నాడు. స్లైడు పెడితే సగానికి పైన ఇసినోఫిల్సే. నేను లెక్క తప్పానేమో అని రెండో స్లైడు చేశాను, అంతే వచ్చింది. పరుగెత్తి డాక్టర్ గారికి చూపించాను. బోదకాలు పురుగు పిల్లల మీద ఊపిరితిత్తులు అతిగా తిరగబడితే వచ్చే జబ్బది, లెక్క మూడువేలు దాటుతుంది. రక్తంలో వెతికితే పిల్లలు దొరకవు, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోనే వాటిని పట్టేసి చంపేస్తోంది ఒళ్లు, చంపుతూ చంపుతూ తనే ఆయాసపడుతోంది. డీఈసీ మాత్రలు ఇచ్చాక కొద్దిరోజుల్లోనే హాయిగా నిద్రపోయాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఫైలేరియా సర్వేలకి రాత్రి పది నుంచి రెండు మధ్య వెళ్లి వేలి రక్తం తీసేవాళ్లం, ఆ పిల్లలు రక్తంలోకి వచ్చేది అప్పుడే. ఏనుగు కాలున్న మనిషి స్లైడు శుభ్రంగా ఉండేది. పక్కనే నిక్షేపంగా ఉన్న కుర్రాడు, కాలు నొప్పి కూడా లేదు, వాడి స్లైడు నిండా పాముల్లా కొట్టుకుంటున్న పిల్లలు. నేను కొత్తలో స్లైడులు తారుమారు చేశానేమో అనుకున్నా. ఎలుకల గది బాబూ, ఇది నువ్వు చెప్పు, నాకు ఇప్పటికీ వింతే.

ఎలుకల గది
బాబాయ్, మీరు చూసింది ఐఎల్-10 ని. ఆ కుర్రాడి ఒళ్లు పురుగుతో రాజీపడింది. అలాంటివాళ్లలో ఐఎల్-10 ఎక్కువ, ఐజీజీ4 అనే నిదానస్తురాలైన యాంటీబాడీ ఎక్కువ, వాపు లేదు, కాబట్టి పురుగు పిల్లలు లక్షల్లో తిరిగినా మనిషి బాగుంటాడు. కాలు వాచినవాడిది రాజీ కుదరని ఒళ్లు. పిల్లలు లేవు, కానీ లింఫు నాళాల్లో వాపు సంకేతాలు ఆగకుండా వచ్చి వచ్చి నాళాలు పాడైపోయాయి, దానికితోడు పైనుంచి చర్మం పగుళ్లలో దూరే బ్యాక్టీరియా.

ఐఎల్-10 కి మొదట పెట్టిన పేరు ఏంటంటే "సైటోకైన్ల తయారీని ఆపే కారకం", 1989లో కనిపెట్టింది ఆ మోస్‌మన్ బృందమే. దాని పనేంటో చూపించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. టాక్సోప్లాస్మాని ఐఎల్-10 జన్యువు తీసేసిన ఎలుకలకి ఎక్కించారు, 1996లో. బ్రేకు లేదు కాబట్టి ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్, ఐఎల్-12 అన్నీ బారులు తీరాయి, పరాన్నజీవి అదుపులోనే ఉంది, మామూలు ఎలుకల్లో కంటే ఎక్కువేం లేదు. అయినా ఎలుకలు చచ్చిపోయాయి. సీడీ4 టీ కణాలని, అంటే ఆ సహాయక కణాలనే, తీసేస్తే చావు వెనక్కి జరిగింది. పరాన్నజీవి మీద గెలిచి సొంత సైన్యం చేతిలో చచ్చాయన్నమాట. అదే ఎలుకల్లో ఇంటర్‌ఫెరాన్ గామా తీసేస్తే పరాన్నజీవే తినేస్తుంది. ఇటు వెళ్లినా చావే, అటు వెళ్లినా చావే.

పశువుల డాక్టరమ్మ
ఆలస్యంగా చూశాను. టీఎన్ఎఫ్ అని అందరూ అంటున్నారు గానీ దాని కథలో సగం మా పశువైద్యం వైపునుంచి వచ్చిందని ఎంతమందికి తెలుసు! రక్తంలో ఈదే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన పశువు ఎలా ఉంటుందో నేను చూస్తూనే ఉంటాను. ముందు మేత మానేస్తుంది, తర్వాత వెన్నుపూస ఒక్కొక్కటి లెక్కపెట్టేలా తేలుతుంది, తుంటి ఎముకల మీద చర్మం ఆరేసిన గుడ్డలా వేలాడుతుంది. రక్తం స్లైడు చూస్తే చాలాసార్లు పరాన్నజీవులు ఎక్కడో ఒకటీ అరా. ఇంత తక్కువ పురుగు ఇంత పెద్ద జంతువుని ఎలా కరిగిస్తోంది?

ఆంథొనీ సెరామీ అనే శాస్త్రవేత్త కుందేళ్లలో ఇదే ప్రశ్న వెంటపడ్డాడు. చిక్కిశల్యమైన కుందేలు రక్తంలో కొవ్వు పేరుకుని ఉంది, అంటే తిండి లేక కాదు, ఉన్న కొవ్వుని కణాలు వాడుకోకుండా ఏదో ఆపుతోంది. ఆ "ఏదో"కి కాకెక్టిన్ అని పేరు పెట్టారు, శరీరాన్ని కృశింపజేసేది అని. 1985లో ఆయనా, బ్రూస్ బ్యూట్లరూ దాన్ని శుద్ధిచేసి వరస చదివితే, 1975 నుంచి క్యాన్సర్ వాళ్లు కణితుల్ని కుళ్లబెట్టేది అంటూ వెంటపడుతున్న టీఎన్ఎఫ్, ఇదీ ఒకటేనని తేలింది. ఇవాళ కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్లు వాడుతున్నారంటే దాని వెనక బక్కచిక్కిన కుందేళ్లున్నాయి.

సూటిగా
బాగుంది. నేను దిగొస్తున్నాను, కొంతవరకు. అయితే ఇంకో ప్రశ్న. గోల చేసేది టీఎన్ఎఫ్ అయినప్పుడు ఒళ్లంతటినీ అణిచే స్టెరాయిడ్ ఎందుకు, టీఎన్ఎఫ్ ఒక్కదాన్నే ఆపే ఇంజెక్షన్ ఉందంటున్నారుగా, మలేరియాకి అది ఇవ్వొచ్చుగా? మలేరియాలో పిల్లలు చచ్చిపోయేది కూడా వాపుతోనే అంటారు.

రాత్రి డ్యూటీ
ఈ ప్రశ్న 1990ల్లోనే అడిగారు, చేసి కూడా చూశారు. మలేరియాలో చలిజ్వరం ఎందుకు వేళ తప్పకుండా వస్తుంది? ఎర్రకణాల్లో పరాన్నజీవి పెరిగి 48 గంటలకోసారి, ఒక రకంలో 72 గంటలకోసారి, కణాల్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. ఆ పగలడంలో బయటపడే చెత్తకి మన కణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-1 వదులుతాయి, అవి మెదడులోని ఉష్ణోగ్రత మీటని పైకి తిప్పుతాయి. దుప్పటి కింద పళ్లు కొట్టుకునేది అప్పుడే, ఎందుకంటే మీట 40 మీద పెట్టారు, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది, కండరాలు వణికి వేడి పుట్టించుకుంటున్నాయి.

మెదడు మలేరియా వచ్చిన గాంబియా పిల్లల రక్తంలో టీఎన్ఎఫ్ ఎక్కువగా ఉందని, చనిపోయినవాళ్లలో ఇంకా ఎక్కువని చూశారు. అయితే ఆపేద్దాం అని వందలమంది పిల్లల్లో టీఎన్ఎఫ్‌ని పట్టేసే యాంటీబాడీ ఇచ్చి ట్రయల్ చేశారు, 1996లో ఫలితాలు వచ్చాయి. అంతకుముందరి చిన్న ప్రయోగంలో జ్వరమైతే తగ్గింది, ఈ పెద్ద ట్రయల్‌లో మాత్రం మరణాలు తగ్గలేదు. పైగా బతికినవాళ్లలో నరాల లోపాలు మిగిలినవాళ్లు యాంటీబాడీ తీసుకున్న గుంపులోనే ఎక్కువ. స్టెరాయిడ్ కూడా మెదడు మలేరియాలో అంతకుముందే ప్రయత్నించి చెయ్యి కాల్చుకున్నారు, కోమా ఇంకా ఎక్కువసేపు సాగింది, అందుకే ఇప్పుడు ఇవ్వం.

కాబట్టి "వాపు చెడ్డది, ఆపు" అన్నదానికి కూడా నేను ఒప్పుకోను. గోధూళి గారి తమ్ముడి మెదడులో స్టెరాయిడ్ సరైన పని చేస్తుంది, మలేరియా మెదడులో అదే మందు కీడు చేస్తుంది.

ఇప్పుడు మలపరీక్ష బాకీ తీరుస్తా. స్ట్రాంగిలాయిడిస్ అని ఒక సన్నటి పురుగుంది. మిగతా పేగు పురుగుల్లా గుడ్లు బయటికి పోయి ఆగిపోదు, మన ఒంట్లోనే చక్రం తిప్పుకుంటూ దశాబ్దాలు బతకగలదు, మనిషికి అనుమానం కూడా రాదు. దాన్ని అలా చిన్నగా అదుపులో ఉంచేది బాబాయ్ గారి ఇసినోఫిల్సూ, ఐఎల్-5 దళమూ. అలాంటివాడికి తెలియక స్టెరాయిడ్ ఇస్తే కాపలా పోయి పురుగు లక్షల్లో పెరిగి పేగు గోడలు చీల్చుకుని ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి వెళ్తుంది, వెంట పేగు బ్యాక్టీరియాని మోసుకుపోతుంది. చాలామంది బతకరు. కాబట్టి మీ డాక్టర్ డబ్బు వదిలించలేదండీ. స్టెరాయిడ్ ఇచ్చే ముందు ఇల్లంతా వెతికాడు.

స్లైడు బాబాయ్
ఆ జబ్బులో ఒక మోసం ఉంది. స్టెరాయిడ్ మీద ఉన్నవాడికి ఇసినోఫిల్స్ పడిపోతాయి. "ఇసినోఫిల్స్ సున్నా, పురుగేం లేదు" అని రిపోర్టు చూసి ఊరుకుంటే అంతే సంగతులు. మలం స్లైడు ఒకటి చూసి వదలొద్దు, మూడు రోజులు చూడాలి. ఓపికలేక ఒక్కటే చూసే కుర్రాళ్లని చాలా తిట్టాను.

తుమ్మెద
నాదొక పిచ్చి ప్రశ్న. పురుగు ఐఎల్-10 పెంచి వాపు తగ్గిస్తుందంటే, వాపు జబ్బులున్నవాళ్లు పురుగులు మింగొచ్చా? నాకు క్రోన్స్ (పేగుల వాపు జబ్బు) ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరో పురుగు గుడ్లు అమ్ముతున్నారు, నిజంగా ఆలోచిస్తున్నాను.

ఎలుకల గది
పిచ్చి ప్రశ్న కాదు, ఒకప్పుడు చాలా సీరియస్‌గా నడిచింది. 2005 ప్రాంతంలో పంది చాటీపురుగు గుడ్లు తాగించి చేసిన చిన్న ట్రయల్స్‌లో ఆశ కనిపించింది. తర్వాత క్రోన్స్‌లో చేసిన పెద్ద ట్రయల్స్‌లో తేలిపోయింది, ఉత్తి మందుకీ దానికీ తేడా రాలేదు. దయచేసి కొనకండి.

ఇప్పుడు మావాళ్లు పురుగుని వదిలి పురుగు వదిలే ప్రోటీన్ల వెంట పడ్డారు. ఎలుక పేగులో ఉండే ఒక పురుగు మన ఒంట్లో వాపుని అణిచే టీజీఎఫ్-బీటా అనే సంకేతం పనిని అచ్చుగుద్దినట్టు అనుకరించే ప్రోటీన్ వదులుతుంది, తమాషా ఏంటంటే దాని ఆకారం టీజీఎఫ్-బీటాలా ఏమాత్రం ఉండదు, వేరే కుటుంబం నుంచి వచ్చి అదే తాళానికి పట్టే తాళంచెవి. అదే పురుగు ఇంకొకటి వదిలి ఐఎల్-33 అనే ప్రమాద గంటని మోగకుండా పట్టేస్తుంది. ఇంటికి కన్నం వేసిన దొంగ ముందు కుక్కకి బిస్కెట్ వేసి, తర్వాత గంటకి గుడ్డ చుట్టినట్టు.

సూటిగా
ఎలుక, ఎలుక, ఎలుక. మనిషి సంగతి చెప్పండి. ఎలుకలో పనిచేసినదంతా మనిషిలో పనిచేస్తే ఈపాటికి అన్ని జబ్బులూ పోయేవి.

ఎలుకల గది
ఇది మాత్రం న్యాయమైన దెబ్బ. టాక్సోప్లాస్మాని ఎలుక గుర్తుపట్టేది టీఎల్ఆర్11 అనే రిసెప్టర్‌తో, మనుషుల్లో ఆ జన్యువు పాడైపోయి ఉంది, మనం వేరే దారిన పట్టుకోవాలి. ఆ టీహెచ్1, టీహెచ్2 తక్కెడ కూడా మనుషుల్లో అంత శుభ్రంగా ఉండదు. లీష్మేనియా వల్లే మనుషులకొచ్చే కాలా అజార్ రోగిని చూడండి, ప్లీహం బొడ్డుదాకా పెరిగి ఉంటుంది, పరాన్నజీవి గెలుస్తోంది కాబట్టి ఇంటర్‌ఫెరాన్ గామా తక్కువ ఉంటుందనుకుంటాం. కొలిస్తే అదీ ఎక్కువే ఉంటుంది, ఐఎల్-10 కూడా ఎక్కువే. గ్యాసూ బ్రేకూ ఒకేసారి తొక్కిన బండిలాగా. నల్ల ఎలుక, తెల్ల ఎలుక అని చెప్పుకోవడానికి బాగుంటుంది, పరీక్షల్లో మార్కులు కూడా వస్తాయి, మనిషి దగ్గరికి వచ్చేసరికి అన్నీ బూడిద రంగే.

కానీ మనిషిలో గట్టిగా తేలినవి కూడా ఉన్నాయి. షిస్టోసోమా అని రక్తనాళాల్లో ఉండే పురుగు. జంట పురుగులు ఏళ్ల తరబడి రక్తంలో ఉన్నా పెద్దగా గొడవ ఉండదు, జబ్బంతా గుడ్లదే. దారి తప్పి కాలేయంలో ఇరుక్కున్న గుడ్డు చుట్టూ కణాలు గోడ కడతాయి, గుడ్డు విషం నుంచి కాలేయాన్ని కాపాడేది ఆ గోడే, ఐఎల్-4 లేని ఎలుకలు గోడ సరిగా కట్టలేక తొందరగా చస్తాయి (సారీ, మళ్లీ ఎలుక). అయితే ఐఎల్-13 ఏళ్ల తరబడి తడుతూ పోతే గోడ కాస్తా మచ్చగా గట్టిపడి కాలేయం రాయిలా అవుతుంది. ఒంట్లో ఐఎల్-13ని పట్టేసి ఏ సంకేతమూ పంపని ఉత్తుత్తి రిసెప్టర్ కూడా ఒకటుంది, మచ్చ మరీ ముదరకుండా ఆపడానికి.

పశువుల డాక్టరమ్మ
వాపు రేపేది ఎప్పుడూ పురుగే అనుకోవద్దు కూడా. నది అంధత్వం తెచ్చే ఆంకోసెర్కా పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. కంట్లో చచ్చిన పురుగు పిల్లల్లోంచి అది బయటపడటమే కార్నియా మసకబారే వాపుకి ముఖ్య కారణమని 2002లో ఎలుకల్లో చూపించారు. అందుకే డాక్సీసైక్లిన్ ఇస్తే ముందు బ్యాక్టీరియా పోతుంది, అది లేకుండా పెద్ద పురుగులు కూడా మెల్లగా పోతాయి. పురుగుని గబుక్కున చంపకుండా చంపడం.

గోధూళి
మూడు నెలల తర్వాత వచ్చాను, క్షమించండి. అప్పుడు మీరందరూ రాసినవి ప్రింట్ తీసి మా అమ్మకి చదివి వినిపించాను, ఇసినోఫిల్ కళ్లజోడు ఆవిడకి బాగా నచ్చింది. తమ్ముడి స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి ఆపేశారు. అది వాడినన్నాళ్లూ వాడి ఆకలి చూడాలి, అర్ధరాత్రి వంటింట్లో గిన్నెల చప్పుడు. నిన్న మళ్లీ స్కాన్. వాపు పోయింది, తిత్తి ఉన్నచోట చిన్న సున్నపు చుక్క మిగిలింది అన్నారు. పురుగు చచ్చిందిగా, వాపు పోయిందిగా, ఇంక ఫిట్స్ మాత్ర ఎందుకని వాడు నిన్నటి నుంచి నాతో గొడవ. ఒక్క పూట వేసుకోలేదు కూడా.

రాత్రి డ్యూటీ
ముందు ఇవాళ్టి మాత్ర వేయించండి. ఆ సున్నపు చుక్కలో పురుగు మిగుళ్లు ఇంకా ఉంటాయి. కొందరిలో నెలలకో ఏళ్లకో ఆ చుక్క చుట్టూ మళ్లీ వాపు వచ్చి పోతుంది, పురుగు ఎప్పుడో చచ్చిపోయినా సరే, ఆ వాపుతోనే మళ్లీ ఫిట్స్ కూడా. మీ వాడికి వస్తుందని కాదు. ఎంతకాలం వాడాలన్నది స్కాన్ చూసి మీ న్యూరాలజిస్టే చెప్పాలి, అప్పటిదాకా బండి నడపనివ్వద్దు, ఒంటరిగా ఈతకి పంపొద్దు.

గోధూళి
వేయించాను. బండి తాళం నా దగ్గరే ఉంది, రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.

స్లైడు బాబాయ్
మాట్లాడకపోతే పోనీలే అమ్మా. తాళం మాత్రం ఇవ్వకు.